దీపం ఆర్పండి, లారీ బాగుపడుతుంది

మన ప్రాంతపు రవాణా రంగాన్ని పీడిస్తున్న అతి పెద్ద సమస్య డీజిలు ధర కాదు, టోల్ రుసుము కాదు, కిరాయి బేరం కుదరకపోవడం అంతకన్నా కాదు. లారీలు మాట్లాడటం మొదలుపెట్టాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణాలున్న బండ్లే అమ్మాలన్న నిబంధన వచ్చాక, షోరూము గడప దాటిన ప్రతి లారీకీ డ్యాష్‌బోర్డు మీద ఒక దీపాల వరస ఉంటోంది. డీజిల్లో నీళ్లు చేరాయని ఒకటి, బ్రేకు గాలి తగ్గిందని ఇంకొకటి, పొగ గొట్టంలో శుద్ధి సరిగా జరగడం లేదని మరొకటి. తరతరాలుగా నోరెత్తకుండా బరువు మోసిన వాహనానికి ఉన్నట్టుండి అభిప్రాయాలు పుట్టుకొచ్చాయన్నమాట.

పాత లారీల క్రమశిక్షణ వేరు. పిస్టన్ రింగులు అరిగితే నీలి పొగ, డీజిలు చిమ్మే నాజిళ్లు పాడైతే నల్ల పొగ. అంతకుమించి ఫిర్యాదు ఉండేది కాదు. ఆ పొగ కూడా వెనక వచ్చేవాడి కళ్లలో పడేదే తప్ప యజమాని కళ్లలో పడేది కాదు. బండి మరీ మొరాయిస్తే సూర్యాపేట దగ్గర రోడ్డు పక్క షెడ్డులో మేస్త్రి ఉండేవాడు. ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తర్వాత ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసేవాడు. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజిన్ చప్పుడు మారలేదో ఆ సిలిండర్ పని చేయడం లేదని తేల్చేవాడు. టీ చల్లారేలోగా నిర్ధారణ అయిపోయేది. ఇది గొప్ప విద్య, ఇందులో వ్యంగ్యం లేదు. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్ మీద అదే విద్య ప్రదర్శిస్తే, మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటిన ఒత్తిడిలో ఉన్న డీజిలు సూదిలా చర్మంలోకి దూసుకుపోయి వేలు తీసేయాల్సి రావచ్చు. ఆ విధంగా మేస్త్రి చెవి పదవీ విరమణ చేసింది.

ఆయన స్థానంలోకి స్కానర్ కుర్రవాడు వచ్చాడు. స్కానర్ రెండు పనులు చేస్తుంది. లారీ కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపాల కోడ్ చదువుతుంది, చదివినదాన్ని చెరిపేస్తుంది. చదవడం మీద మన సమాజానికి మొదటినుంచీ ఆసక్తి తక్కువ, చెరిపేయడం మీద గురి ఎక్కువ. కోడ్ తుడవగానే ఎర్రదీపం ఆరిపోతుంది. కుర్రవాడి ఫీజు ముడుతుంది, లారీ హైదరాబాదు దారి పడుతుంది. నకిరేకల్ దాటేసరికి దీపం మళ్లీ వెలుగుతుంది. అప్పటికి కుర్రవాడు ఫోన్ ఎత్తడు.

ఇక్కడే మన రవాణా శాస్త్రంలోని మూలసూత్రం స్థిరపడింది. దీపం వెలిగితే జబ్బు, ఆరితే ఆరోగ్యం. ఇంజిన్‌లో ఏమైందన్నది కేవలం వేదాంత చర్చ.

ఈ సూత్రం పూర్తి వికాసాన్ని పొందింది యూరియా విషయంలో. కొత్త లారీకి డీజిలు ఒక్కటే చాలదు. యాడ్‌బ్లూ అనీ డెఫ్ అనీ పిలిచే ద్రావణం కూడా పోయాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగిలింది ఖనిజాలు తీసేసిన శుద్ధమైన నీరు. దాన్ని పొగ గొట్టంలోకి పిచికారీ చేస్తే వేడికి అమ్మోనియాగా మారి, అక్కడి ఉత్ప్రేరకం సాయంతో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. వంద లీటర్ల డీజిలుకు సుమారు నాలుగైదు లీటర్లు ఖర్చవుతుంది. రసాయన శాస్త్రం ఇక్కడితో అయిపోయింది, ఇక సామాజిక శాస్త్రం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో యూరియా అంటే ఏమిటో ఎవరికీ పాఠం చెప్పనక్కర లేదు. 2025 వానాకాలంలో సహకార సంఘాల గోదాముల ముందు తెల్లవారకముందే మనుషులకు బదులు చెప్పులు వరసలో నిలబడ్డాయి. పాసుపుస్తకాల జిరాక్సులు రాళ్ల కింద పడుకున్నాయి. ఒక్క బస్తా కోసం రైతులు ఇంత పాట్లు పడుతున్నచోట, పెద్దగా చప్పుడు చేస్తూ ఇంకో వినియోగదారు వచ్చి నిలబడింది. పది టైర్లు, పట్టా లేదు, పాసుపుస్తకం లేదు. కౌలురైతుకు లేనట్టే దీనికీ ఏ పథకంలోనూ చోటు లేదు. కౌలురైతు మాత్రం కోపం వచ్చినంత మాత్రాన తన ఇంజిన్ శక్తి తగ్గించుకుని నడిరోడ్డు మీద సైకిలు వేగానికి దిగడు. యూరియా ట్యాంకు ఖాళీ అయితే లారీ సరిగ్గా అదే చేస్తుంది. మొదట దీపం, తర్వాత గంట, ఆ తర్వాత సహాయ నిరాకరణ.

తెలివైన యజమాని దీనికి వెంటనే పరిష్కారం కనిపెట్టాడు. పొలానికి వేసే యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. బకెట్‌లో సీలు వేసి అమ్మే నీళ్లకు అంత ధర ఎందుకు పెట్టాలి? బస్తా విప్పి, బోరు నీళ్లలో కలిపి, పాత చీరతో వడకట్టి పోస్తే సరిపోదా? ఈ ప్రయోగానికి నల్లగొండ బోరు నీటిని ఎంచుకోవడంలో ఒక చారిత్రక సాహసం ఉంది. ఆ నీళ్లలో ఏముంటుందో ఈ జిల్లాలో రెండు తరాల ఎముకలు చెబుతాయి. మనుషుల కీళ్లను వంచిన నీటికి పింగాణీ తేనెతుట్టె లాంటి ఉత్ప్రేరకం ఒక లెక్కా?

పైగా పొలం యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నత్రజని నేలలో నెమ్మదిగా విడుదల కావాలని ఒక ఉద్దేశం, సబ్సిడీ సరుకు పొలం దాటి ఫ్యాక్టరీలకు పోకూడదని ఇంకో ఉద్దేశం. లారీ ట్యాంకులోకి పోతుందని పాపం ఎవరూ ఊహించలేదు. ఆ నూనె, ఆ దుమ్ము, ఆ లవణాలు కలిసి పిచికారీ నాజిల్‌ను తెల్లటి గడ్డలతో మూసేస్తాయి. లోపల ఉత్ప్రేరకం చచ్చుబడుతుంది. దాన్ని మార్చే బిల్లు చూశాక యజమానికి బకెట్ ధర గుర్తుకొస్తుంది. ప్రకృతి వైద్యం మీద నాకు వ్యతిరేకత లేదు కానీ, లారీకి వేప చికిత్స వికటించిన సందర్భాలే ఎక్కువ.

అప్పుడు రంగప్రవేశం చేస్తుంది ఎమ్యులేటర్. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. దీన్ని వైరింగులో కలిపితే, ట్యాంకు నిండుగా ఉంది, పిచికారీ జరుగుతోంది, పొగ గొట్టం నుంచి మలయమారుతం వీస్తోంది అని లారీ కంప్యూటర్‌కు నిరంతరం నివేదికలు పంపుతుంది. లారీలోని ప్రతి భాగానికీ ఏదో ఒక పని ఉంటుంది. అబద్ధం చెప్పడమే పనిగా ఉన్న ఏకైక భాగం ఇది. మరమ్మతు ఎరగనిది కూడా ఇదొక్కటే. ప్రభుత్వ శాఖల వార్షిక నివేదికలు తయారుచేసే విభాగాలవారు ఒకసారి దీన్ని పరిశీలించాలని మనవి.

యజమానిని తిట్టడం సులభం, కాబట్టి కాసేపు ఆయన పక్షం కూడా విందాం. మిర్యాలగూడ మిల్లుకు ధాన్యం తోలుకొచ్చిన లారీ సీజనులో దించే వంతు కోసం రోజుల తరబడి నిలబడుతుంది. నిలబడిన రోజుకు కిరాయి రాదు. డ్రైవర్ బత్తా ఇవ్వాలి, క్లీనర్‌కు అన్నం పెట్టాలి. ఫైనాన్సు వాయిదా మాత్రం ఏ వరసలోనూ నిలబడదు, తేదీకి ఠంచనుగా వస్తుంది. వాడపల్లి సిమెంటు ఎత్తి అద్దంకి రోడ్డు మీదుగా నార్కట్‌పల్లి చేరి, దించి, ఖాళీగా తిరిగొస్తే చేతిలో మిగిలేది ఎంతో ఆయనకే తెలుసు. ఆ డబ్బుతో నాలుగు రోజులు బండి ఆపి సెన్సర్ మార్పించాలా, నలభై నిమిషాల్లో దీపం ఆర్పించుకుని మరో లోడు ఎత్తాలా? ఈ లెక్కలో తప్పు పట్టుకుందామని కూర్చున్నాను, దొరకలేదు. కిరాయి మాట్లాడే బ్రోకరు, వాయిదా వసూలు చేసే మనిషి, సరుకు ఎక్కించిన కంపెనీ, ఈ ముగ్గురిలో ఒక్కరూ బ్రేకులు ఎలా ఉన్నాయని అడగరు. ఎప్పుడు చేరుతుందని అడుగుతారు.

అయితే ఈ ఖర్చుల వాదన ఒకచోట ఆగిపోతుంది. పైసా ఖర్చు లేని పనులు కూడా ఎవరూ చేయడం లేదు. బ్రేకులకు గాలి పట్టే ట్యాంకుల అడుగున ఒక చిన్న వాల్వు ఉంటుంది. కంప్రెసర్ గాలితోపాటు తేమనూ నూనెనూ లోపలికి తోస్తుంది కాబట్టి రోజూ ఆ వాల్వు లాగి నీళ్లు వదిలేయాలి. వేలితో చేసే పని, నిమిషం పట్టదు. కొత్త బండ్లకు గాలిని ఆరబెట్టే డ్రైయర్ ఉంది కాబట్టి వాల్వు లాగరు. డ్రైయర్‌లోని ఫిల్టర్ మార్చరు కాబట్టి ట్యాంకులో నీళ్లు చేరుతాయి. బిల్లు రాని పని మీద మన వ్యవస్థకు నమ్మకం కుదరదని నా అనుమానం. వాల్వు లాగడానికి రెండు వందలు ఫీజు పెడితే రేపటి నుంచే చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా బోర్డులు వెలుస్తాయి.

గాలి ఒత్తిడి మరీ పడిపోతే వెనక చక్రాలు తమంతట తామే బిగుసుకునేలా స్ప్రింగు బ్రేకులు పెట్టారు. ప్రమాదంలో బండి ముందుకు పోకుండా ఆపే చివరి ఏర్పాటు అది. మనవాళ్లు దాన్నీ ఒక రకమైన నోటి దురుసుగానే తీసుకుంటారు. పానా పట్టి వెనక బోల్టు తిప్పితే స్ప్రింగు వెనక్కి ముడుచుకుంటుంది, చక్రం వదులుతుంది, బండి కదులుతుంది. చెడిన బండిని షెడ్డు దాకా తోలడానికి ఉన్న ఏర్పాటును లోడుతో విజయవాడ దాకా తోలడానికి వాడుకోవడం మన సొంత ప్రతిభ.

నిర్వహణ అసలు చేయరనడం కూడా అన్యాయం. దసరాకు చేస్తారు. బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, టైరుకో నిమ్మకాయ తొక్కించి, ముందు గుమ్మడికాయ కొడతారు. ఏడాదిలో ఆయిలు మార్చే తేదీ వాయిదా పడవచ్చు, గుమ్మడికాయ తేదీ వాయిదా పడిన దాఖలా లేదు. కొత్త బండైతే యాదగిరిగుట్టకు వెళ్లి పూజ చేయించుకుని వస్తుంది. గ్రీజు పెట్టడం కూడా ఆ పూజలో భాగంగా ఏ ఆగమంలోనైనా రాసి ఉంటే ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్నులు ఇంకో పదేళ్లు బతికేవి.

బరువు సంగతి క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే ఇందులో ప్రజలు ప్రభుత్వం కన్నా ముందున్నారు. 2018 జులైలో కేంద్రం పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. మన ఇసుక, కంకర బండ్లు ఆ సంస్కరణను ఎన్నో ఏళ్ల ముందే స్వచ్ఛందంగా అమలు చేశాయి. బరువు మోసే కమాన్ కట్టకు అదనంగా రెండు పట్టీలు వేయించుకుని తదుపరి సంస్కరణను కూడా అమలు చేస్తున్నాయి.

ఇలా మోసిన బండి ఎప్పుడో ఒక రాత్రి 65వ నంబరు జాతీయ రహదారి మీద కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగి ఆగిపోతుంది. రోడ్డు వారకు చేరేంత ఓపిక ఉండదు. పుస్తకం ప్రకారం వెనక ఎర్రగా మెరిసే త్రికోణం పెట్టాలి. అది క్యాబిన్‌లో సీటు వెనక కవరు విప్పని స్థితిలో, ఫిట్‌నెస్ పరీక్ష కోసం భద్రంగా ఉంటుంది. దాని బదులు నాలుగు రాళ్లు, ఒక వేప కొమ్మ. చీకట్లో రాయి మెరవదు, కొమ్మ అసలు మెరవదు. ఆగిన లారీ వెనక నుంచి కారు దూరిందని వార్త వస్తుంది, అందులో "అతివేగమే కారణం" అన్న ముక్క ముందే అచ్చు వేసి ఉంటుంది. మరమ్మతు ముగిశాక లారీ వెళ్లిపోతుంది. రాళ్లు మాత్రం లేన్ మధ్యలో అలాగే ఉంటాయి, తర్వాత వచ్చే మోటారుసైకిలు కోసం. ఈ ఒక్క విషయంలో నాకు వెక్కిరింపు రావడం లేదు. రాళ్లు తీసి పక్కన పడేసి వెళ్లండి.

ఫిట్‌నెస్ పరీక్ష అన్నాను కదా. ఎనిమిదేళ్ల లోపు లారీకి రెండేళ్లకోసారి, ఆ వయసు దాటితే ఏటా చేయించాలి. చట్టం చాలా ఉదారమైనది. అంటే ఎనిమిదేళ్లలోపు లారీ రెండేళ్లలో ఒక్క రోజు ఆరోగ్యంగా ఉంటే చాలు. ఆ రోజు దాని వైభవం చూడాలి. మెరిసే స్టిక్కర్లు, పని చేసే ఇండికేటర్లు, పక్క లారీ నుంచి అతిథిగా వచ్చిన టైర్లు. సాయంత్రానికి టైర్లు ఎవరి ఇంటికి అవి చేరతాయి.

చివరికి యజమాని విసిగి బండిని అమ్మకానికి పెడతాడు. కొనేవాడు తెలివైనవాడు, తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూస్తాడు. నిజానికి తాళం తిప్పగానే దీపాలన్నీ ఒకసారి వెలిగి, పరీక్ష ముగిశాక కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి, తయారీదారు పెట్టిన పద్ధతి అది. ఈ బండిలో ఒక్క దీపమూ వెలగదు, బల్బుల తీగలు ఏనాడో కత్తిరించారు. కొనేవాడు తృప్తిగా తల ఊపుతాడు. "బండి మంచి కండిషన్‌లో ఉన్నట్టుంది సేఠ్, ఒక్క లైటు కూడా రావడం లేదు" అంటాడు. అమ్మేవాడు దానికి ఇంకో ఇరవై వేలు కలిపి చెబుతాడు.