పాత గుడికి జేసీబీ వైద్యం

ఊళ్లో పాత గుడి. పైకప్పు కారుతోంది. గ్రామస్థులు చందాలు వేసుకున్నారు, ఎమ్మెల్యే వచ్చి కొబ్బరికాయ కొట్టారు, మర్నాటికి జేసీబీ దిగింది. కాకతీయుల నాటి ద్వారబంధం, నంది, శాసనం చెక్కిన స్తంభం చెరువుగట్టున పడ్డాయి. వాటి చోట సిమెంటు గోపురం, దాని నిండా ఎనామిల్ రంగులు, నేలకు టైల్స్ వచ్చాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఏ జిల్లా పేజీ తిప్పినా ఎప్పుడో ఒకప్పుడు ఈ వార్త కనిపిస్తుంది. ఊరి పేరు ఒక్కటే మారుతుంది. అధికారుల వివరణ కూడా మారదు: గ్రామస్థుల కోరిక మేరకే జీర్ణోద్ధరణ చేపట్టాం!

గుడి ఉన్నది పూజలకే కానీ ప్రదర్శనకు కాదని, కూలబోయే కప్పు కింద భక్తులను నిలబెట్టలేమని ఆలయ కమిటీలు అంటాయి. కాదనలేం. 2010 మే నెలలో శ్రీకాళహస్తి రాజగోపురం అందరూ చూస్తుండగానే నేలకూలింది. కానీ అది పగుళ్లను పట్టించుకోని నిర్లక్ష్యానికి ఉదాహరణ. మరమ్మతు చేయండని చెప్పిన ఘటనను కూల్చివేతకు సమర్థనగా చూపడం ఏ రకమైన తర్కం?

అసలు ఈ తెగింపు ఎక్కడి నుంచి వచ్చింది? 2003లో తిరుమల శ్రీవారి ఆలయం ఎదుట విజయనగర కాలం నాటి వేయికాళ్ల మండపాన్ని రద్దీ పేరుతో తొలగించారు. పండితులు వద్దన్నారు, వివాదం కోర్టులకెక్కింది. మళ్లీ నిలబెడతామన్న మాట రెండు దశాబ్దాలు దాటినా నెరవేరలేదు. రాష్ట్రంలోకెల్లా సంపన్నమైన దేవస్థానం, నిపుణులకూ నిధులకూ కొదవలేని దేవస్థానం అంత పని చేశాక, ఊరి ఆలయ కమిటీని ఏ ముఖం పెట్టుకుని నిలదీస్తాం? 'తిరుమలలోనే తీసేశారు, మా ఊళ్లో తీస్తే తప్పా?' అని వాళ్లు అడిగితే దేవాదాయ శాఖ దగ్గర జవాబు లేదు. తప్పు చేసినవారిని వదిలేసిన ప్రతిసారీ తర్వాతి వారికి అనుమతి ఇచ్చినట్టే.

పోతున్నది రాళ్లే కదా అనుకునేవారు అమరావతి సచివాలయానికి దగ్గరలోనే ఉన్న మల్కాపురం వెళ్లి రావాలి. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన శాసనం అక్కడుంది. దానంగా వచ్చిన గ్రామాల ఆదాయంలో పాఠశాలకు, ప్రసూతిశాలకు, అన్నసత్రానికి వాటాలు ఎలా పంచాలో అందులో రాసి ఉంది. ప్రసూతిశాల! సంక్షేమం తామే కనిపెట్టామనుకునే పాలకులు రోజూ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటారు. కోస్తా ఆలయాల శాసనాల్లో మరో ముచ్చట ఉంటుంది: అఖండ దీపానికి దాత యాభై గొర్రెలు ఇస్తాడు, వాటిని ఫలానా బోయడు మేపుకుని రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. దాత పేరు, కాపరి పేరు రెండూ రాతికెక్కాయి. రాజుల కథ తాళపత్రాల్లోనైనా దొరుకుతుంది. గొర్రెల కాపరి పేరు ఆ రాయి మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. దాని మీద ఎనామిల్ పూసినా, ఇసుక పిచికారీతో అక్షరాలు అరగదీసినా, ముక్కలు చేసి పునాదిలో వేసినా ఫలితం ఒక్కటే.

ఒకప్పుడు ఊరికి డబ్బు లేక గుడి బతికిపోయింది. ఇప్పుడు డబ్బుంది. గుళ్ల పనులకు దేవాదాయ శాఖ ఇచ్చే సర్వశ్రేయో నిధి ఉంది, భక్తుల విరాళాలతో గుళ్లు కట్టించే తిరుమల శ్రీవాణి ట్రస్టు ఉంది, విదేశాల్లో స్థిరపడి సొంతూరి దేవుణ్ని మరచిపోని పిల్లలున్నారు. గుడి లేని వాడలో కొత్త గుడి కడితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఉన్న గుడిని పడగొట్టడానికి అదే సొమ్ము ఖర్చవుతోందన్నదే మా ఆగ్రహం. ఊరి వాటా కట్టారా లేదా అని ప్రతి రూపాయీ లెక్క చూసే దేవాదాయ శాఖ, ఆ గుడి ఏ శతాబ్దానిదో ఫైలులో ఒక్క వాక్యమైనా రాయించదు. చందా అడిగేటప్పుడు ప్రజలు గుర్తొస్తారు. శాసనంలో ఏముందో ఆ ప్రజలకే చదివి వినిపించాలని మాత్రం ఎవరికీ తోచదు. తెలియనివ్వకుండా తీసుకున్న సమ్మతి ఏం సమ్మతి?

ఇక చట్టం సంగతి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు సామాన్యుడు కొత్తగా గది కట్టుకోవడానికి వీల్లేదు. ఆపైన మరో 200 మీటర్ల వరకూ అనుమతి ఉండాల్సిందే. మంచిదే. కానీ పక్క ఊళ్లో అదే కాలపు గుడి జాబితాకెక్కకపోతే దాన్ని నేలమట్టం చేయడానికి ఆచరణలో కమిటీ తీర్మానమే చాలుతోంది. ఒకచోట ఇటుక కదిపితే నేరం, మరోచోట గుడే మాయమైతే పుణ్యకార్యం! చట్టం జాబితాకే కాపలా కాస్తున్నప్పుడు, జాబితాలో లేని వేలాది గుళ్లకు దిక్కెవరు?

చేతకాని పనేమీ కాదిది. శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. పద్దెనిమిదేళ్ల జాప్యం సిగ్గుచేటు, దానికి సంజాయిషీ లేదు. అయినా మండపం దక్కింది.

రెండు రాష్ట్రాల దేవాదాయ శాఖలూ ఉమ్మడిగా ఒక్క నిబంధన పెట్టుకోవాలి. పురావస్తు శాఖ వచ్చి చూసి, శాసనాల అచ్చులు తీసి, ఫొటోలతో నమోదు చేసి సంతకం పెట్టే వరకు జీర్ణోద్ధరణకు రూపాయి విడుదల కాకూడదు. సంతకం లేకుండా పని మొదలైతే కార్యనిర్వహణాధికారి జీతంలో కోత పడాలి. తిరుమల మండపం సంగతి కూడా తేల్చండి. కడతారో, కట్టరో చెప్పండి. అది తేలనంత కాలం ప్రతి ఊళ్లోనూ దాన్నే చూపిస్తారు.

కొబ్బరికాయ కొట్టే నాయకులకు ఒక మాట. మీ పేరుతో పాలరాతి ఫలకం పెట్టించుకోవాలని అంత సరదాగా ఉంటే ఊళ్లో మరుగుదొడ్లు లేని బడి ఉంటుంది, వెళ్లి కట్టించండి. ఏడు వందల ఏళ్ల క్రితం దీపానికి నెయ్యి పోసిన కాపరి పేరు చెరిపి, ఆ చోట మీ పేరు రాయించుకునే అర్హత మీకెవరిచ్చారు?