చెక్క గేరు నాబ్ చూసి నవ్విన బావగారి గురించి

ఇప్పుడే ఇంటికొచ్చాం. బావగారు హాల్లో కూర్చుని పెరుగన్నం తింటున్నారు. నేను వంటగదిలో గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ ఇది రాస్తున్నాను. రాయకపోతే ఈ రాత్రికి నిద్రపట్టదు.

అక్కా బావా పది రోజులుండి వెళదామని వచ్చారు. స్టట్‌గార్ట్‌లో ఉంటూ పోర్షే మ్యూజియం చూపించకపోతే బాగుండదని పొద్దున్నే ఎస్6 రైలెక్కించి నాయ్‌విర్ట్స్‌హౌస్‌లో దింపాను. స్టేషన్ దిగితే ఎదురుగా అదే. బావగారు ప్రతి కారు పక్కనా నిలబడి ఫొటో దిగారు, అక్క ఓపిగ్గా తీసింది. కరేరా జీటీ అనే పోర్షే స్పోర్ట్స్ కారు దగ్గరికి వచ్చేదాకా అంతా బాగానే ఉంది.

నన్ను ఫాలో అయ్యేవాళ్లకి ఆ కారు ముందు నేనెలా నిలబడతానో కొత్తగా చెప్పక్కర్లేదు. గుళ్లో నిలబడ్డట్టే, చెప్పులొక్కటే విప్పను. అలా నిలబడి ఉంటే బావగారు పక్కకొచ్చి, వంగి లోపలికి తొంగిచూసి, "ఏంటోయ్ బావమరిదీ, ఇన్ని కోట్ల కారుకి చెక్క గేరు నాబా? మన పాత లారీలకుండేది!" అని హాలంతా వినపడేలా నవ్వారు. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఆటోమేటిక్ కూడా కాదా? ఆ సినిమా హీరో పోయింది ఇందులోనేగా? డేంజర్ బండి. ఊరికే ఇచ్చినా వద్దు."

ఊరికే ఎవరిస్తున్నారు బావగారూ?

కొత్తలోనే దాని ధర అమెరికాలో 4,40,000 డాలర్లు. ఇప్పుడు 10 లక్షల డాలర్లు చేత్తో పట్టుకుని తిరిగినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. మొదట 1,500 చేద్దామనుకుని 2006లో 1,270 దగ్గర ఆపేశారు. అందులో ఒకటి మీ కళ్ల ముందుంటే మీకు కనపడింది గేరు నాబ్.

సరే, నాబ్ సంగతే చెప్పుకుందాం. 1970లో లె మాన్స్ 24 గంటల రేసులో పోర్షేకి మొట్టమొదటి విజయం తెచ్చిన కారు 917. గ్రాముల లెక్కన బరువు తగ్గించాలని ఆ కారు గేరు నాబ్‌ని బాల్సా చెక్కతో చేశారు. దానికి గుర్తుగా కరేరా జీటీలో బిర్చ్, యాష్ చెక్క పొరల్ని ఒకదానిమీద ఒకటి అతికించి ఈ నాబ్ పెట్టారు. ఇదంతా అక్కడే నిలబడి చెప్పబోయాను. బావగారు అప్పటికే 918 స్పైడర్ అనే ఇంకో పోర్షే కారు దగ్గరికి వెళ్లిపోయారు. "ఇదీ కారంటే! బ్యాటరీ ఉంది, గేర్లు వాటంతటవే పడతాయి!" అంటున్నారు. నిజమే, పడతాయి. మా వాషింగ్ మెషీన్‌లో కూడా అన్నీ వాటంతటవే పడతాయి. దాని పక్కన నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

ఆ ఇంజిన్ కథ తెలిసినవాడెవడూ అలా నవ్వడు. మొదట ఫార్ములా వన్ కోసమని గీసిన వీ10, అంటే పది సిలిండర్ల ఇంజిన్ అది. అక్కడ పని జరగలేదు. తర్వాత దాన్ని పెంచి లె మాన్స్ రేసు కారులో పెట్టారు. 1999లో ఆ ప్రాజెక్టు కూడా ఆగిపోయింది. అలా రెండుసార్లు అటకెక్కిన ఇంజిన్‌ని కిందికి దింపి, రోడ్డు కారులో పెట్టి, 2000 సెప్టెంబరులో పారిస్‌లో వాన పడుతుంటే ర్యాలీ డ్రైవర్ వాల్టర్ రోర్ల్ చేత నడిపించి జనానికి చూపించారు. 5.7 లీటర్లు, 612 హార్స్‌పవర్, 8,400 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఒంటి బరువు 1,380 కిలోలు. అది పై ఆర్‌పీఎంలో పెట్టే కేక వీడియోలో విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎదురుగా విన్నవాళ్ల అదృష్టం గురించి నేను మాట్లాడను, కుళ్లు వస్తుంది.

అన్నట్టు, దాన్ని తయారుచేసింది లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో. బావగారు పడీపడీ ఫొటోలు దిగిన కయెన్ ఎస్‌యూవీ కూడా అక్కడే పుట్టింది. ఒక తల్లి కడుపున ఎలాంటి పిల్లలు పుడతారో చూడండి.

కరేరా జీటీని నేను అనలాగ్ కారు అంటుంటాను. అంటే ఏంటని కిందటిసారి కామెంట్లలో ఎవరో అడిగారు. పాత కారు అని కాదు అర్థం. ఈ కారులో ఏబీఎస్ ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. లేనిది ఈఎస్‌పీ. అంటే బండి పక్కకి జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి మళ్లీ దారిలో పెట్టే కంప్యూటర్ లేదు. నువ్వు, నీ చెయ్యి, నీ కాలు, రోడ్డు. మధ్యలో పంచాయతీ పెద్ద ఎవరూ లేడు. నువ్వు సరిగ్గా చేస్తే ఆ ఆనందం నీది. తప్పు చేస్తే ఆ తప్పు కూడా నీదే, ఇన్సూరెన్స్‌వాడికి ఏ కథ చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇప్పటి బండ్లున్నాయి చూశారూ. శుక్రవారం వీళ్లని విమానాశ్రయం నుంచి తేవడానికి కారు అద్దెకి తీసుకున్నాను. 2024 జులై నుంచి యూరప్‌లో అమ్మే ప్రతి కొత్త కారులో స్పీడు హెచ్చరిక, లేన్‌లో పట్టి ఉంచే యంత్రం తప్పనిసరి. గంటకి ఒకట్రెండు కిలోమీటర్లు ఎక్కువైతే టింగ్. గీత దగ్గరికి వెళితే స్టీరింగ్ లాగుతుంది. రోడ్డు పనులు జరిగే చోట తెల్ల గీత, పసుపు గీత రెండూ ఉంటాయి, ఏది నమ్మాలో దానికే తెలియదు, నన్ను మాత్రం లాగుతుంది. ఆవలిస్తే కాఫీ తాగమంటుంది. పెళ్లైన కొత్తలో కూడా నాకు ఇన్ని సలహాలు రాలేదు. వెనక సీట్లో బావగారు మాత్రం "అబ్బ, ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో!" అని మురిసిపోయారు.

ఇక ఆ డేంజర్ మాట. బావగారన్న ఆ సినిమా హీరో పాల్ వాకర్ పోయింది 2013 నవంబరు 30న, కాలిఫోర్నియాలో. నడిపింది ఆయన కాదు, ఆయన స్నేహితుడు. గంటకి 45 మైళ్ల హద్దున్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లారని పోలీసులు తేల్చారు. కారు టైర్లు 9 ఏళ్ల నాటివి. పైకి గాడులు బాగానే కనపడతాయి, లోపల రబ్బరు గట్టిపడి ఉంటుంది. మనవాళ్లు ఏడాదికోసారి బయటికి తీసే స్కూటర్ టైరుని ఒకసారి వేలితో నొక్కి చూడండి, తెలుస్తుంది. ఇలాంటి కార్లు కొన్నవాళ్లు గ్యారేజీలో దుప్పటి కప్పి దాచుకుంటారు, ఎప్పుడో ఒక ఆదివారం తీసి తొక్కుతారు. ఇద్దరు మనుషులు పోయిన సంగతి అది, దాని మీద జోకులు వెయ్యను. కానీ పన్నెండేళ్లుగా ఆ ఒక్క ముక్క పట్టుకుని కారుకి దెయ్యం పట్టినట్టు మాట్లాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

2004లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద వాల్టర్ రోర్ల్ ఈ కారుని ఒక చుట్టు 7 నిమిషాల 28 సెకన్లలో తిప్పాడు. రెండుసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్ ఆయన. 2024లో అదే మోడల్ కారుకి కొత్తగా చేసిన మిషెలిన్ టైర్లు తొడిగి రేస్ డ్రైవర్ యోర్గ్ బెర్గ్‌మైస్టర్ నడిపితే 7 నిమిషాల 12.69 సెకన్లు. ఇరవై ఏళ్ల తర్వాత, ఇంజిన్ ముట్టకుండా, ఈఎస్‌పీ పెట్టకుండా. దెయ్యం ఎక్కడుందో ఇప్పుడు చెప్పండి.

కష్టం కాదని నేను అనడం లేదు. చాలా కష్టం. ఇంజిన్ నడిమధ్యన ఉంటుంది కాబట్టి బండి బొంగరంలా చటుక్కున తిరుగుతుంది. అంత చటుక్కున తిరిగేది చేయి దాటినా అంతే చటుక్కున దాటుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, బరువంతా ముందుకి పోతుంది, వెనక చక్రాలు తేలిపోతాయి, మీరు వచ్చిన దారి మీకే ఎదురుగా కనపడుతుంది. భయం వేసినప్పుడు కాలు తీయకుండా ఉండటం నేర్చుకోవాలి. అది డబ్బిచ్చి కొనుక్కునేది కాదు.

అసలు అంతదాకా ఎందుకు, దాన్ని ఉన్నచోటునుంచి కదిలించడమే ఒక విద్య. క్లచ్ సిరామిక్, అడ్డకొలత 169 మిల్లీమీటర్లే. ఇంటి పచ్చడి ప్లేటు అంత. అంత చిన్నది ఎందుకంటే ఇంజిన్‌ని వీలైనంత కిందికి దించి కూర్చోబెట్టాలని. మామూలు కారులోలాగా ఒక కాలితో యాక్సిలరేటర్ ఇస్తూ ఇంకో కాలితో క్లచ్ వదిలితే ఆగిపోతుంది, లేదా కాలుతుంది. సిగ్నల్ దగ్గర కోటీశ్వరులు ఈ కారుని నాలుగేసి సార్లు ఆపేసుకున్న వీడియోలు నా దగ్గర దాచిపెట్టి ఉన్నాయి, మనసు బాగోనప్పుడు చూస్తుంటాను. దీనికి పద్ధతి ఒకటే. యాక్సిలరేటర్ ముట్టకూడదు. క్లచ్ ఒక్కదాన్నే మెల్లగా వదలాలి. ఇంజిన్ తనంతట తనే తమాయించుకుంటుంది, బండి కదులుతుంది. కదిలాక అప్పుడు తొక్కుకోవాలి.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. లేచి బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఎందుకంటే విశాఖ ఉక్కునగరం రోడ్ల మీద, పొద్దున్న అయిదున్నరకి, మారుతీ 800లో నాన్న నాకు నేర్పింది అక్షరాలా ఇదే. "యాక్సిలరేటర్ జోలికి పోకు. క్లచ్‌తోనే కదిలించు." కాలు అటు పోతే తొడపాశం. వారం రోజులు తొడ కమిలిపోయింది. ఆ తర్వాత సింహాచలం ఘాట్ మీద ఎత్తులో ఆపించి, హ్యాండ్‌బ్రేక్ ముట్టకుండా, వెనక్కి అంగుళం జారకుండా ఎక్కించమనేవారు. వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే "కొట్టనీరా, నువ్వు బండి మాట విను" అనేవారు. ఆ కారు ఇంజిన్ మొత్తం కలిపి 796 సీసీ. కరేరా జీటీలో ఒక్క సిలిండరే 573. అయినా పాఠం ఒకటే. ఇక్కడికొచ్చాక జర్మన్ లైసెన్స్ కోసం మళ్లీ క్లాసులకి వెళితే, నేను క్లచ్‌తోనే బండి కదిలించడం చూసి మా ఇన్‌స్ట్రక్టర్ "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. ఆ రోజు నాన్నకి ఫోన్ చేసి చెబితే "ఇంకెవరు నేర్పుతారు" అని పెట్టేశారు. రాత్రి అమ్మ చేసి, నాన్న వీధిలో అందరికీ చెప్పారంది.

ఆ కారు ఇప్పుడు లేదు. ఎందుకు లేదంటే బావగారు అమ్మేశారు కాబట్టి.

ఆ, ఇక్కడికే వస్తున్నాను. 2019. నేను ఇక్కడున్నాను. బావగారు ఓ పూట ఇంటికెళ్లి, "మామయ్యగారూ, ఈ వయసులో ఈ క్లచ్చులు, గేర్లు మీకెందుకు, మోకాళ్లు పోతాయి" అని మొదలుపెట్టి, సాయంత్రానికల్లా అనకాపల్లి నుంచి ఒకణ్ని పిలిపించి, 35 వేలకి బేరం తెంపి, తాళాలు చేతిలో పెట్టేశారు. నాకు ఫోన్ చేసింది మర్నాడు. "నీకు చెబితే వద్దంటావని" అన్నారు. అంటానని తెలిసే కదా! తర్వాత వారంలో నాన్నకి ఆటోమేటిక్ బండి వచ్చింది, సగం డబ్బు నాదే. వెనక్కి వెళ్లేటప్పుడు కెమెరా, తలుపు వేయకపోతే అరుపు, అన్నీ ఉన్నాయి. నాన్న దాన్ని నాలుగుసార్లు నడిపారు. "అందులో నేను చేసే పనేం లేదురా" అని తాళం మేకుకి తగిలించారు. ఇప్పుడు అది బావగారికి విశాఖలో పనిబడ్డప్పుడల్లా నడుస్తోంది. మోకాళ్లు ఎవరివి బాగున్నాయో మీకు అర్థమైంది కదా.

ఈరోజు మ్యూజియం నుంచి బయటికొస్తుంటే నాన్నకి వీడియో కాల్ చేశాను. కరేరా జీటీ క్లచ్ ఎలా వదలాలో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన బండి లాగే అన్నమాట" అన్నారు. అవును నాన్నా, అచ్చం మన బండి లాగే. బావగారు పక్కనుంచి తల దూర్చి "మామయ్యగారూ, దీనికి చెక్క నాబండీ!" అన్నారు. నాన్న "చలికాలం చెయ్యి చల్లబడదు, మంచిదే" అన్నారు. ఆ ఒక్క మాటకి నా కడుపు సగం నిండింది.

బావగారు ఇది చదువుతారని తెలుసు. చదవనీ. రేపు బ్లాక్ ఫారెస్ట్ వెళ్తున్నాం. విశాఖ నుంచి ఇంటర్నేషనల్ లైసెన్స్ చేయించుకుని మరీ వచ్చారు, కొండదారుల్లో నేనే నడుపుతానని నాలుగు రోజులుగా అంటున్నారు. ఇందాకే కారు బుకింగ్ మార్చాను. మాన్యువల్. 11 యూరోలు తక్కువ కూడా. తాళం పొద్దున్నే ఆయన చేతికే ఇస్తాను.