ముప్పై మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గ్లాసుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొలత గ్లాసు గారి దివ్యసముఖానికి, తమరి ఏలుబడిలో ఆరు వారాలు గడిపిన ఒక మాజీ భోజనప్రియుడు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

చిన్నప్పుడు దగ్గుమందు సీసా మీద బోర్లించి ఉండే తమరిని నేను ఎన్నడూ లెక్కచేయలేదు. భీమవరం పెళ్లిళ్లలో మారు వడ్డనకు వచ్చే వంటవారినందరినీ పేరు పెట్టి పిలిచే చనువున్నవాణ్ణి, బొటనవేలంత లేని తమరికి భయపడే రోజు వస్తుందని ఎలా అనుకుంటాను?

హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో నాకు, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేశారు. పొట్టమీద పెట్టిన ఐదు చిన్న గాట్లలోంచి, మా బ్యాంకులో కాగితాలకు వాడే స్టేప్లరుకు పెద్దన్నలాంటి పరికరంతో, జీర్ణాశయంలో దాదాపు 80 శాతాన్ని వేరుచేసి తీసివేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంగా మిగిల్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కనుక ఆకలి తగ్గుతుందని డాక్టరు గారు చెప్పారు. తగ్గిన మాట నిజమే. అయితే ఆవకాయ మీది ఆశ జీర్ణాశయంలో కాపురం ఉండదనీ, దానిని కత్తిరించే పరికరం ఇంకా రాలేదనీ వారు చెప్పలేదు.

మెలకువ వచ్చేసరికి భుజం పోటు. కోసింది పొట్ట అయితే నొప్పి భుజానికెందుకని అడిగితే, ఆపరేషన్ సమయంలో పొట్టను ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల కిందనున్న పొరను చికాకు పెడుతుందనీ, ఆ చికాకు భుజంలో తెలుస్తుందనీ, నడిస్తే తగ్గుతుందనీ చెప్పి, ఆ సాయంత్రమే సెలైన్ స్టాండును తోడిచ్చి వార్డంతా తిప్పారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్లు తొడిగారు, పొట్టలో సూదులు పొడిచారు, మూడు బంతుల ఊపిరి యంత్రాన్ని చేతికిచ్చి పీల్చమన్నారు. మూడో బంతి పైకి లేచినప్పుడు నర్సమ్మ చప్పట్లు కొట్టింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు అంతటి గౌరవం దక్కలేదు. మరునాడు, స్టేప్లరు వేసినచోట ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి నీలిరంగు నీళ్లు తాగించారు. శివుడికి నీలమైనది కంఠం. నాకు నీలమైనదేమిటో మర్యాదకు ఇక్కడ వ్రాయను.

తమరి పట్టాభిషేకం జరిగింది ఆ తరువాతే. పదిహేను నిమిషాలకు ఒక్క గ్లాసు మాత్రమే తాగాలనీ, అదీ గుటక వేయకుండా చప్పరించాలనీ, స్ట్రా ముట్టరాదనీ, మొత్తం మీద రోజుకు లీటరున్నర లోపలికి వెళ్లాలనీ డైటీషియన్ గారు శాసనం వెలువరించారు. అలవాటు కొద్దీ లెక్క వేశాను: 50 గ్లాసులు, పన్నెండున్నర గంటలు. బ్యాంకు కూడా నన్ను ఎనిమిది గంటలకే వదిలిపెట్టేది! మా తాతగారు సంధ్యావందనంలో ఉద్ధరిణితో నీరు పుచ్చుకుని ఆచమనం చేసి లేచేవారు. నేను రోజుకు యాభై ఆచమనాలు చేశాను. పుణ్యం సంగతి అటుంచి, మూడో వారంలో బరువు కూడా దిగనని మొండికేసింది. అందరికీ ఇలాగే ఆగుతుందని, మళ్లీ దిగుతుందని వారు తేలికగా అన్నారు.

కొబ్బరినీళ్లు, మజ్జిగ తేట, వడగట్టిన పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు: రెండు వారాలు తమరి దర్బారుకు వచ్చిన సామంతులు వీరే. ఒక మధ్యాహ్నం నేను తిరుగుబాటు చేసి, తమరిని బోర్లించి, చెంబు ఎత్తి మజ్జిగ గుక్కెడు తాగాను. రొమ్ము మధ్యలో రాయి దిగినట్లయింది, నోరంతా నురగ, ఆపైన వాంతి. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. నాది తువాలు మీద పడింది. ఆనాటి నుంచి తమరి గీత దాటలేదు. డిశ్చార్జి కాగితంలో జ్వరం, తగ్గని గుండెదడ, పెరిగే కడుపునొప్పి వస్తే అర్ధరాత్రైనా రమ్మని వ్రాసిన వాక్యాన్ని మాత్రం వ్యంగ్యానికి దూరంగా, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచుకున్నాను.

నన్ను బాధించేది తమరు కాదు, చుట్టాలు. "నోరు కట్టుకోలేక కోయించుకున్నాడు, సుఖంగా తగ్గిపోయాడు" అని మా పిన్ని ఊరంతా చెబుతున్నది. ఆ సుఖంలో బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం మింగవలసి ఉంటుందని ఆమెకు తెలియదు. కొద్ది నెలలకు జుట్టు రాలవచ్చునని కూడా హెచ్చరించారు కానీ, ఆ కష్టం రాకుండా నా వంశం ఎప్పుడో ఏర్పాటు చేసింది.

అసలు విన్నపం ఇది. ఎల్లుండి ఆ పిన్నిగారి మనవరాలి పెళ్లి. తినేటప్పుడూ, తిన్న తరువాత అరగంట వరకూ నీళ్లు తాగనని మాట ఇస్తున్నాను. విస్తరి మీద రెండు చేతులు అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డించే ఊరు మాది కనుక, తమరినే విస్తరి పక్కన కూర్చోబెట్టుకుంటాను. పాయసం వచ్చినప్పుడు తమరు కాస్త దయచూపాలి. నిండుగా అడగను. తమరి ఒంటిమీద అడుగున 5 మిల్లీలీటర్ల గీత ఒకటి ఉన్నది కదా, అక్కడి వరకైనా.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు