పాము నోట్లో కప్ప ఉంటే కర్ర తీయాలా?

(నిన్న సాయంత్రం చెరువు గట్టున ఒక నీరుకట్టె పాము కప్పను మింగుతోంది. తమ్ముడు కర్రతో పామును కదిపి కప్పను వదిలించాడు. ఏళ్ళ తరబడి పాముల్ని గమనిస్తున్న అక్కకు అది నచ్చలేదు.)

తమ్ముడు: అక్కా, నువ్వు ఆ అరుపు విని ఉంటే ఇలా మాట్లాడవు. మామూలు బెకబెక కాదది, పసిపిల్ల ఏడ్చినట్టు సన్నగా సాగదీసి అరిచింది. వెనక కాళ్ళు రెండూ పాము నోట్లో ఉన్నాయి, ముందు కాళ్ళతో మట్టి గీరుతోంది, ఒళ్ళంతా గాలి పూరించుకుని బంతిలా ఉబ్బిపోయింది. చేతిలో కర్ర పెట్టుకుని ఎలా ఊరుకోను?

అక్క: ఆ అరుపు నేనూ చాలాసార్లు విన్నాన్రా. విన్న ప్రతిసారీ కడుపులో దేవినట్టే ఉంటుంది. కానీ ఆ ఉబ్బడం ఎందుకో తెలుసా? మింగుడు పడకుండా ఉండటానికి. పాముకేమో పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, పట్టింది జారిపోకుండా. ఎవరి బలం వాళ్ళది. తనంతట తనే విడిపించుకుని నీళ్ళలోకి దూకిన కప్పల్నీ చూశాను నేను.

తమ్ముడు: విడిపించుకోలేకపోతే? ప్రాణంతో ఉన్నదాన్ని మింగేస్తుంటే ‘ప్రకృతి’ అని ఒక మాట అనేసి చేతులు కట్టుకోవడం నాకు చేతకాదు.

అక్క: మరి పాము ఆకలి సంగతి? మూడు పూటలా దొరికే తిండి కాదు దానిది. కొండచిలువల్లాంటివైతే ఒక వేటతో వారాలు, నెలలు గడుపుతాయి, తిండి లోపలికి వెళ్ళాక ఒళ్ళే మారిపోతుంది. బర్మా కొండచిలువ తిన్న 48 గంటల్లో గుండె జఠరిక, అంటే రక్తాన్ని బయటికి నెట్టే గది, బరువు 40 శాతం పెరుగుతుందని 2005లో వచ్చిన పరిశోధన చెప్పింది. నీరుకట్టెకు అంత తంతు లేకపోయినా ఆకలి ఆకలే. నువ్వు లాగేశావు కాబట్టి అది ఇంకో కప్పను పడుతుంది. ఆ చావు నీ కంటపడదు, అంతే.

తమ్ముడు: సరే, నా కర్ర తప్పే అనుకుందాం. మరి నీ కెమెరా? మోకాళ్ళ మీద పాకుతూ దగ్గరికి పోయి ఫోటోలు తీస్తావు కదా, దానికి పాము భయపడదా?

అక్క: (కాసేపు ఆగి) భయపడుతుంది. అది నా చేతుల మీదుగానే జరిగింది. మూడేళ్ళ కింద ఒక జెర్రిపోతు ఎలుకను తల వైపు నుంచి మింగుతోంది. పాము దవడ ఊడిపోతుందని అందరూ అంటారు కానీ ఊడదు. కింది దవడ రెండు సగాలూ ముందు భాగంలో అతుక్కుని ఉండవు, మధ్యలో సాగే పట్టీ లాంటిది ఉంటుంది. పై దవడ పళ్ళు ఒకసారి కుడివైపువి ముందుకి జరిగి గుచ్చుకుంటాయి, ఒకసారి ఎడమవైపువి. చూస్తుంటే పాము తల ఎలుక మీద అడుగులేసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. నోరు పూర్తిగా నిండిపోయాక ఊపిరి కోసం గాలిగొట్టం మొనను కింది దవడ మీంచి బయటికి తోస్తుంది. దాన్ని ఫోటో తీద్దామని ఇంకో రెండడుగులు వేశాను. పాము కదలడం ఆపేసింది. మెడ దగ్గరి ఉబ్బు మెల్లగా మళ్ళీ నోటి వైపు జరగడం కనిపించింది, ఎలుకను కక్కేసి పొదలోకి దూరిపోయింది. బొచ్చంతా జిగురుతో తడిసిన ఎలుక అక్కడే పడి ఉంది. బరువుతో పారిపోలేక కష్టపడి సంపాదించుకున్న తిండి వదిలేసుకుంది, నా వల్ల. ఆ రోజు తీసిన ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

తమ్ముడు: అంటే నువ్వూ లాగేశావు. కర్ర లేదు, అంతే. అలాంటప్పుడు అసలు చూడటమే మానేయొచ్చుగా? తెలుసుకోవాలంటే ల్యాబులున్నాయి. ఇందాక నువ్వు చెప్పిన గుండె సంగతి కూడా గట్టు మీద కూర్చుంటే తెలిసింది కాదు కదా.

అక్క: అది ఒప్పుకుంటాను. కానీ ల్యాబులో కనిపించనివీ ఉన్నాయి. థాయ్‌లాండ్‌లో ఒక రకం పాము విషపు గోదురుకప్ప పొట్ట చీల్చి, తల లోపలికి పెట్టి, అవయవాలు ఒక్కొక్కటీ లాగి తింటుందని పరిశోధకులు 2020లో రాశారు. ఒంటి మీది విషాన్ని తప్పించుకోవడానికే అలా చేస్తుండొచ్చని వాళ్ళ ఊహ. పాములన్నీ ఎరను గుటుక్కున మింగేస్తాయనే కదా మనం అనుకునేది! బయట జరిగేదాన్ని మధ్యలో వేలు పెట్టకుండా చూసినవాళ్ళుండబట్టే అది తెలిసింది.

తమ్ముడు: చీలుస్తున్నప్పుడు ఆ గోదురుకప్ప బతికే ఉందా?

అక్క: ఉంది.

తమ్ముడు: నేనైతే అక్కడ నిలబడలేను అక్కా. నువ్వెన్ని చెప్పినా నిలబడలేను.

అక్క: నిలబడమని అనట్లేదు. నేను కూడా ఇప్పుడు దూరంగా కూర్చుని బైనాక్యులర్స్‌తోనే చూస్తున్నాను. అది మింగడం ఆపిందంటే నేను ఎక్కువ దగ్గరికొచ్చినట్టే, వెంటనే వెనక్కి జరుగుతాను. విషపు పామైతే ఇంకా దూరం. నోట్లో ఎర ఉంది కదా కరవలేదులే అనుకోకూడదు, వదిలేసి తిరగడానికి క్షణం పట్టదు.

తమ్ముడు: ఇకపైన కర్ర తీసుకురాను, అంతవరకు మాటిస్తాను. కానీ కప్ప అరిస్తే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

అక్క: వెళ్ళిపో. పరుగెత్తకు మాత్రం, మెల్లగా అడుగులెయ్యి. నేల అదిరినా దానికి తెలుస్తుంది.