పారిపోయింది జర్మన్లేనా?

అమెరికా అంతర్యుద్ధం ప్రస్తావన వస్తే చాలు, చలామణిలో ఉన్న మాట ఒకటి వినపడుతుంది: "ఉత్తరాది సైన్యంలోని జర్మన్లు కిరాయి సైనికులు. 1863లో ఛాన్సలర్స్‌విల్ దగ్గర మొదటి తూటాకే పరుగు లంకించుకున్నారు. ఆ ఓటమి వాళ్ళ పుణ్యమే. ఒక జర్మన్ జనరలైతే పందుల దొడ్లో దాక్కున్నాడు."

కిరాయి సంగతి ముందు తేల్చేద్దాం. బ్రిటన్ జర్మన్ సైన్యాన్ని అద్దెకు తెచ్చుకుని అమెరికన్ల మీదికి తోలిన మాట నిజం. కానీ అది 1776 నాటి స్వాతంత్ర్య యుద్ధం కథ. 1861లో చేరినవాళ్ళు సెయింట్ లూయిస్, సిన్సినాటి, మిల్వాకీ లాంటి చోట్ల అప్పటికే కాపురాలు పెట్టుకున్న వడ్రంగులు, రైతులు, బీరు కాచేవాళ్ళు. వాళ్ళ నాయకుల్లో చాలామంది జర్మనీలో 1848 విప్లవం ఓడిపోయాక దేశం విడిచి వచ్చినవాళ్ళు. యుద్ధం ముగిసేసరికి జర్మనీలో పుట్టిన సుమారు 2 లక్షల మంది యూనియన్ (ఉత్తరాది) తరఫున పనిచేశారు. సిపాయి జీతం నెలకు 13 డాలర్లు. అమెరికాలో పుట్టిన తెల్ల సిపాయికీ అంతే. చేరినందుకు ఇచ్చే బోనస్‌లూ అందరూ పుచ్చుకున్నవే.

ఇక ఛాన్సలర్స్‌విల్. మే 2 సాయంత్రం, 5 దాటింది. జర్మన్లు పెద్ద సంఖ్యలో ఉన్న 11వ కోర్ (ఉత్తరాది సైన్యంలో ఒక పెద్ద విభాగం) సిపాయిలు తుపాకులు పక్కన నిలబెట్టి వంట చేసుకుంటున్నారు. ఉన్నట్టుండి పడమటి అడవిలోంచి జింకలు, కుందేళ్ళు శిబిరం మీదికి దూసుకొచ్చాయి. సిపాయిలు నవ్వుకున్నారు. వాటి వెనకే దక్షిణాది జనరల్ జాక్సన్ సేన వచ్చింది, పాతిక వేలకు పైగా. ఇక్కడున్నది దాదాపు 11 వేలు. వాళ్ళ ముఖాలు దక్షిణానికి. పడమటికి తిరిగి ఉన్నవి చివర్లో రెండు రెజిమెంట్లు.

అలా ఎందుకు నిలబెట్టారు? కోర్ కమాండర్ హోవార్డ్ జర్మన్ కాదు. ఆ చివరి డివిజన్ చూసే డెవెన్స్ కూడా కాదు. కుడివైపు జాగ్రత్త అని ఉత్తరాది సైన్యాధిపతి హుకర్ పొద్దున్నే కబురు పంపాడు. ఆ కాగితం నేనే హోవార్డ్‌కి చదివి వినిపించానని మూడో డివిజన్ కమాండర్ కార్ల్ షుర్జ్ తర్వాత రాశాడు. షుర్జ్ జర్మనే. తనంతట తానుగా కొన్ని రెజిమెంట్లను పడమటికి తిప్పుకున్నాడు. హ్యూబర్ట్ డిల్గర్ అనే జర్మన్ కెప్టెన్ గుర్రమెక్కి వెళ్ళి జాక్సన్ సేనను కళ్ళారా చూసొచ్చి చెబితే పై అధికారులు కొట్టిపారేశారు. ఆ డిల్గరే సాయంత్రం ఒక్క ఫిరంగితో పేలుస్తూ, వెనక్కి జరుగుతూ, మళ్ళీ పేలుస్తూ రోడ్డు కాశాడు. దానికి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది.

పారిపోయారా? చాలామంది పారిపోయారు, అందులో అబద్ధం లేదు. వాళ్ళతో పాటు అమెరికాలో పుట్టినవాళ్ళ రెజిమెంట్లూ పరుగెత్తాయి. అయినా పత్రికలకు దొరికింది 'డచ్చివాళ్ళు' (డాయిచ్ అన్న మాట వాళ్ళ నోట్లో అలా అయింది). తన నివేదికను అచ్చు వేసుకోనివ్వమని షుర్జ్ అడిగితే పైవాళ్ళు ఒప్పుకోలేదు.

ఓటమికి కారణం వాళ్ళేనా? హుకర్ దగ్గర లక్షకు పైగా సైన్యం ఉంది, శత్రువు దగ్గర అందులో సగం. 11వ కోర్ చెదిరాక కూడా మూడు రోజులు చేతిలో ఉన్నాయి. వెనక్కి తగ్గాలని నిర్ణయించింది హుకర్.

జర్మన్ అధికారులంతా గొప్పవాళ్ళని నేనూ అనను. జర్మన్ జనరల్ సీగల్ పేరు చెబితే జర్మన్ జనం సైన్యంలో చేరేవారు గానీ, 1864లో న్యూ మార్కెట్ దగ్గర ఆయన చిత్తుగా ఓడిపోయాడు. అదే మరో జర్మన్ అధికారి విల్లిక్‌ని చూడండి. షైలో యుద్ధంలో తన ఇండియానా రెజిమెంట్ తడబడుతుంటే, శత్రువుకి వీపు పెట్టి నిలబడి, తూటాల మధ్యే వాళ్ళ చేత కవాతు మైదానంలోలాగా తుపాకీ డ్రిల్ చేయించాడు!

పందుల దొడ్డి కథ నిజమే. గెటిస్‌బర్గ్ యుద్ధంలో షిమ్మెల్‌ఫెన్నిగ్ అనే జర్మన్ జనరల్ శత్రువుల చేతిలో చిక్కిన ఊళ్ళో ఇరుక్కుపోయి, ఒక ఇంటి పెరట్లో జులై 1 నుంచి 4 దాకా నక్కాడు. ఆ ఇంటావిడ పందులకు కుడితి తీసుకెళ్తున్నట్టు బకెట్ పట్టుకెళ్ళి తిండి అందించింది. బయటికొస్తే ఖైదీ అయ్యేవాడు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు. 1865 ఫిబ్రవరి 18న దక్షిణాది నగరం చార్ల్‌స్టన్ లొంగిపోయింది ఈ షిమ్మెల్‌ఫెన్నిగ్‌కే. యుద్ధంలో మొదటి ఫిరంగి పేలింది ఆ రేవులోనే.