నాడి చూసుకున్న నేరం

ఇంగ్లండులో ఒక కుర్రాడికి వినయం చాలడం లేదట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

కుర్రాడి పేరు హెన్రీ పొలాక్. 2005 జనవరిలో పుట్టాడు. నార్తాంప్టన్ సెయింట్స్ అనే క్లబ్బుకు రగ్బీ ఆడి జీతం తీసుకుంటాడు. జుట్టుకు బంగారు రంగు వేసుకుంటాడు. మనకు రగ్బీతో ఉన్నది బీరకాయ పీచు చుట్టరికమే (2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడిందని మీలో ఎందరికి తెలుసు?) కాబట్టి అతని నేరచరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను. 2025 మార్చి 15న కార్డిఫ్‌లో, వేల్స్ మీద, ఇంగ్లండు పెద్దల జట్టుకు మొదటిసారి ఆడాడు. అదీ ఆట మధ్యలో, బెంచీ మీది నుంచి లేచి వచ్చి. కొత్తగా వచ్చినవాడు ఒద్దికగా ఓ మూల నిలబడాలి కదా! రెండు ట్రైలు (బంతితో అవతలి జట్టు గీత దాటి నేలకు ఆనించడమే ట్రై) చేశాడు. ఇంగ్లండు 68, వేల్స్ 14.

ఇంతవరకు పెద్దలు క్షమించారు. మే 3న డబ్లిన్‌లో చేసినది మాత్రం క్షమించరానిది. యూరప్ ఛాంపియన్స్ కప్ సెమీఫైనల్. ఎదుట లెన్‌స్టర్, అదీ వాళ్ల సొంత ఊళ్లో. గెలుపు వాళ్లదేనని లోకమంతా ముందే తీర్మానించేసుకున్న మ్యాచ్. ఈ కుర్రాడు బంతి చంకన పెట్టుకుని, అడ్డొచ్చిన వాళ్లను తప్పించుకుని, వెనక తరుముతున్న వాళ్లను తరుముతూనే ఉండనిచ్చి, వెళ్లి గీత అవతల బంతి పెట్టాడు. నార్తాంప్టన్ 37–34తో గెలిచింది. అదీ కాదు నేరం. ట్రై చేశాక రెండు వేళ్లు మెడ పక్కన ఆనించి నాడి చూసుకున్నాడు.

అవును, నాడి. తన మెడ, తన వేళ్లు.

ఇక మొదలైంది. మాజీ ఆటగాళ్లు, వ్యాఖ్యాతలు, వ్యాఖ్యాతల మీద వ్యాఖ్యానించేవాళ్లు, అందరిదీ ఒకటే బెంగ. కుర్రాడిలో సరుకుంది, కాదనం, కానీ కాస్త తగ్గాలి. ఈ ‘కానీ’ మనకు కొత్తది కాదు. పెళ్లిచూపుల్లో, ప్రోగ్రెస్ రిపోర్టుల్లో వింటూ పెరిగాం. అయినా నాకు ఒక అనుమానం. తొడగొట్టనిదే చెడుగుడు గీత దాటని జాతి మనది. కూతకు వెళ్లేవాడు ముందు తొడ చరచాలి, తిరిగొచ్చాక మీసం ఉంటే మెలేయాలి, లేకపోతే ఉన్నట్టు ఊహించుకునైనా మెలేయాలి. అలాంటి మన ముందు, మెడ మీద రెండు వేళ్లు పెట్టుకున్నాడని ఒక దేశానికి దేశం బుగ్గలు నొక్కుకుంటుంటే ఏమని ఓదార్చాలి?

ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు అయిదు మూల విలువలు ఉన్నాయి. జట్టుతనం, గౌరవం, ఆనందం, క్రమశిక్షణ, క్రీడాస్ఫూర్తి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోది ఆనందమే. పాపం ఆ కుర్రాడు పట్టిక మొత్తం చదవకుండా మూడో దగ్గర ఆగిపోయినట్టున్నాడు.

అందుకే నా సలహా ఏమిటంటే, ఆ యూనియన్ కొలువున్న ట్వికెనమ్‌లో వెంటనే ఒక వినయ విచారణ సంఘాన్ని నియమించాలి. పొడుగాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, వెనక అయిదుగురు పెద్దలు, అందరూ పాతికేళ్ల కింద ఆడినవాళ్లు, అందరికీ అప్పట్లో వినయం ఉన్నట్టు వాళ్లే ఇచ్చుకున్న ధ్రువపత్రాలు. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడతాడు.

“నాడి ఎందుకు చూసుకున్నావు?”

“ఉందో లేదోనని, అయ్యా.”

“నాడి చూసే అర్హత నీకుందా? కనీసం ఆర్‌ఎంపీ సర్టిఫికెట్ అయినా ఉందా?”

లేదు. అది రాసుకోమంటారు. తర్వాత అనుబంధ అభియోగం. 2025 నవంబర్ 15న న్యూజిలాండ్ వాళ్లు ఆటకు ముందు హాకా అనే తమ సవాలు నృత్యం చేస్తుంటే ఎదుట నిలబడి నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. ఎందుకు? దాహమా, ధిక్కారమా? దాహమైతే నీళ్ల విభాగం నుంచి ధ్రువీకరణ తేవాలి. ఆ రోజు ఇంగ్లండు 33–19తో గెలిచిందన్న విషయం విచారణ పరిధిలోకి రాదు. (నవ్వకండి. 2019 ప్రపంచ కప్పులో హాకాకు ఎదురుగా బాణం మొనలా నిలబడి మైదానం మధ్య గీత దాటినందుకు ఇంగ్లండుకు నిజంగానే 2,000 పౌండ్ల జరిమానా పడింది.) చివరికి సంఘం వినయపూర్వక ట్రై విధానాన్ని ఖరారు చేస్తుంది. గీతకు అయిదు మీటర్ల ముందు ఆగాలి. వెనక వస్తున్న డిఫెండర్ ఊపిరి తీసుకునేదాకా నిరీక్షించాలి. “అన్నా, మీరు నన్ను పట్టుకోలేకపోవడం పూర్తిగా నా పొరపాటే” అని చెప్పాలి. బంతిని నేలకు ఆనించేటప్పుడు తల వంచాలి, ఆనించాక తలెత్తకూడదు. ప్రేక్షకులు చప్పట్లు కొడితే వాళ్ల తరఫున కూడా అతనే క్షమాపణ చెప్పాలి. ఈ ప్రకారం ఒక్కో ట్రైకి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి, ఎనభై నిమిషాల మ్యాచ్‌లో వేల్స్‌కు ఎప్పుడూ 68 పడవు. వాళ్లకూ మేలే.

ఇంత చేసినా లాభం ఉంటుందో లేదో. నాడి చూసుకున్న అయిదో రోజున, మే 8న, బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్లలో మేటివాళ్లను ఏరి కూర్చే జట్టు) ఆస్ట్రేలియా పర్యటనకు జట్టును ప్రకటిస్తే అందులో ఇతని పేరు ఉంది. అప్పటికి ఇంగ్లండుకు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. జట్టులో అందరికన్నా చిన్నవాడు. అక్కడ ఒక్క టెస్టులోనూ ఆడించలేదు, అది వేరే సంగతి. వినయం నేర్పడానికే కూర్చోబెట్టారేమో!

పెద్దల మాట చద్దిమూట అంటారు. సరే, ఆ మూట విప్పి చూద్దాం. 2022లో వుస్టర్ క్లబ్బు అప్పులతో కూలింది, వాస్ప్స్ క్లబ్బు కూలింది. మరుసటి ఏడాది లండన్ ఐరిష్. పదమూడు క్లబ్బుల ప్రీమియర్‌షిప్ పదికి దిగింది. 2023–24లో రగ్బీ యూనియన్ నిర్వహణ నష్టం 37.9 మిలియన్ పౌండ్లు. 42 మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. అదే ఏడాది ముఖ్య కార్యనిర్వాహకుడికి బోనసుతో కలిపి 1.1 మిలియన్ పౌండ్లు ముట్టాయి. ఆయన మెడ మీద వేళ్లు పెట్టుకోలేదు, పెదవులు తడుపుకోలేదు. ఎంతో హుందాగా తీసుకున్నారు.

ఇక్కడిదాకా నవ్వుతూ వచ్చాను. ఇక నా వల్ల కాదు. నాడి చూసుకోవడం మీకు అంత పెద్ద నేరమైతే, ఇన్నేళ్లూ తలలు చూసింది ఎవరు?

2003 నవంబర్ 22న సిడ్నీలో ఇంగ్లండు 20–17తో ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో హుకర్ స్టీవ్ థాంప్సన్. అంటే స్క్రమ్‌లో, రెండు జట్లూ తలలు దూర్చి ఒకరినొకరు నెట్టుకునేచోట, మొదటి వరుస మధ్యన మెడ దూర్చి నిలబడేవాడు. 42 ఏళ్ల వయసులో, 2020 డిసెంబర్‌లో, తనకు డిమెన్షియా, అంటే జ్ఞాపకాలను తినేసే మెదడు జబ్బు, వచ్చిందని లోకానికి చెప్పాడు. ప్రపంచ కప్పు గెలిచిన సంగతి అతనికి గుర్తు లేదు. వీడియో వేసి చూపిస్తే అందులో తను కనిపిస్తాడు, అక్కడ ఉన్నట్టు మాత్రం జ్ఞాపకం రాదు. భార్య పేరు కూడా ఒక్కోసారి తట్టదు. ఆటలో తగిలిన తలదెబ్బలే ఇందుకు కారణమంటూ అలాంటివాళ్లు వందల మంది యూనియన్ల మీద దావా వేశారు. ఇప్పుడు పంటి తొడుగుల్లో చిప్పులు పెట్టి దెబ్బ ఎంత బలమైనదో కొలుస్తున్నారు. 2024 నుంచి పెద్ద స్థాయి ఆటలో అది పెట్టారు. మంచిదే. మరి అంతకుముందు? తలకు తల తగిలి సోలిపోయినవాడి ముఖాన నీళ్లు చల్లి, భుజం తట్టి, మళ్లీ లోపలికి తోసినప్పుడు మీ గౌరవం, మీ క్రమశిక్షణ ఏ గదిలో తాళం వేసుకున్నాయి? అప్పుడు ఆ మనుషులు నిజంగానే అణిగిమణిగి ఉన్నారు కదా. చెప్పిందల్లా చేశారు, ఎదురు మాట్లాడలేదు, జుట్టుకు రంగు వేసుకోలేదు. ఏం దక్కింది? తను గెలిచిన కప్పు తనకే గుర్తులేని మనిషి ముందు నిలబడి ఇంకో ఇరవై ఏళ్ల కుర్రాడికి ‘తల వంచు’ అని చెప్పడానికి సిగ్గుండాలి.

ఎంత తిట్టినా విచారణ సంఘం పని ఆగదు. వచ్చే సమావేశం ఎజెండా సిద్ధం చేసి పెట్టాను. మొదటి అంశం: కుర్రాడి జుట్టు. రెండోది: నాలుక. మూడోది: మెడ, దాని మీద వేళ్లు. తలల సంగతి ‘ఇతర అంశాలు’ కింద వేశాను, భోజనాలకు ముందు సమయం మిగిలితే తీసుకుంటారు.