మహారాజశ్రీ ఫుట్‌పాత్ గారి సముఖమునకు

అయ్యా,

తమరు ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతారో తెలియదు కాబట్టి ఈ ఉత్తరం మెయిన్ రోడ్డు అడ్రసుకే పంపుతున్నాను. అందితే సంతోషం.

నిన్న సాయంత్రం తమరి మీద నడుస్తుంటే వెనక నుంచి బైకు హారన్ వినిపించింది. రోడ్డు మీద కాదండీ, తమరి మీదే. నేను తల తిప్పేలోపు ఇంకోసారి కొట్టాడు. "అంకుల్, కొంచెం సైడ్ ఇవ్వండి." ఎడమ పక్క ట్రాన్స్‌ఫార్మర్, కుడి పక్క బస్సు. సైడు ఎక్కడి నుంచి తెచ్చిచ్చేది? రోడ్డు మీదకు దిగి దారిచ్చాను. పోతూ పోతూ "చూసుకుని నడవాలి కదా" అని నాకే సుద్దులు చెప్పిపోయాడు.

అసలు నన్ను తమరి దగ్గరికి పంపింది డాక్టరు గారు. షుగరు బోర్డర్‌లో ఉంది, ఇప్పుడే మందులెందుకు, రోజూ ఓ అరగంట వడిగా నడవండి అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థదీ అదే మాట, పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు. పైసా ఖర్చు లేని మందు, కాళ్లకు చెప్పులుంటే చాలంటారు. ఎక్కడ నడవాలో మాత్రం చీటీలో రాయరు. గుండె కాస్త వేగంగా కొట్టుకోవాలట. ఆ పని తమరు బాగానే చూసుకుంటున్నారు. పలక కదిలి కింద డ్రైనేజీ కనిపించినప్పుడల్లా నా గుండెకు ఆ వారం కోటా పూర్తవుతోంది.

కాగితం మీద మాత్రం తమరంతటి వారు లేరు. రోడ్లకు కొలతలు, ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మా వీధిలో తమరిని ఎక్కాలంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి ఎవరిదో స్కూటర్ సీటు మీద ఆనించాలి. ఎక్కాక ప్రతి గేటు ముందూ కారు కోసం ర్యాంపు. దిగు, ఎక్కు, మళ్లీ దిగు. జిమ్ములో దీనికి ఫీజు తీసుకుంటారు, తమరిది ఉచిత సేవ.

టిఫిన్ బండి వాళ్ల మీద నాకు కోపం లేదు, పొట్టకూటి కోసం నిలబడ్డారు. పుట్టినరోజు ఫ్లెక్సీకి పాతిన కర్రల మీద ఉంది. షోరూము బోర్డును తమరి నడుమ నిలబెట్టిన పెద్దమనిషి మీద ఇంకా ఉంది. పార్కుకు పోవచ్చు కదా అంటారా? మా కాలనీ పార్కుకు పొద్దున తొమ్మిదికల్లా తాళం. పోనీ కేబీఆర్ పార్కుకు పోదామంటే, నడవడానికి కారెక్కి పోవాలి.

ఇవన్నీ సర్దుకుపోతాను. ఆ హారనే మింగుడు పడటం లేదు. ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదని 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. ఇబ్బంది లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణ కింద పాదచారుల హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 21 అంటే జీవించే హక్కు! దాన్ని పట్టుకుని నేను మురుగు కాలువ అంచున నిలబడితే, వాడికి రెండు నిమిషాల సిగ్నల్ ఆగడం కష్టమై నా ప్రాణం మీదకు ఎక్కించాడు. నువ్వేం చేశావ్? ఇంటింటికీ ర్యాంపు పరిచి వాడికి దారి చూపించావ్. నీ మీద పోసిన సిమెంటు ఎవరి పన్నుతో పోశారనుకున్నావ్?

ఏకవచనం వచ్చేసింది. రానీ.

రెండు స్తంభాలు పాతిస్తే బైకులు ఎక్కవు కదా అని మా ఇంజినీరు బంధువును అడిగాను. చక్రాల కుర్చీ పట్టే సందు వదలాలి బావా, ఆ సందులో బైకూ పడుతుంది అన్నాడు. అంటే స్తంభాలతో తెమిలే పని కాదు, చౌరస్తాలో నిలబడి చలానా రాసే మనిషి కావాలి. ఆయన హెల్మెట్ లేని వాళ్లను పట్టుకుంటున్నాడు. తన వెనకే నీ మీద నుంచి పోతున్న వరస ఆయనకు కనిపించదు.

నడిస్తే మనసు తేలికవుతుంది, టెన్షన్ తగ్గుతుందంటుంది మా అమ్మాయి. చెవుల్లో పాటలు పెట్టుకోమంటుంది. పెట్టుకుంటే వెనక వచ్చే బండి సంగతి ఎవరు చెబుతారు? నా బీపీ ఇంట్లో కంటే నీ మీదే ఎక్కువ.

వచ్చే నెల మళ్లీ షుగరు టెస్టు. రిపోర్టు తమరి పేరు మీదే పంపిస్తాను. మందులు రాస్తే ఆ బిల్లు కూడా.

ఇట్లు,
ఇంటి పన్ను గడువులోపే కట్టిన ఒక పాదచారి